కౌంటీ కమిషనర్‌ను ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి?

టెక్సాస్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కున్నామనీ, కౌంటీ కమిషనర్ కార్యాలయం నుంచి ప్రతి నెలా వచ్చే సమాచార లేఖ చివర ‘మీ సూచనలు తెలియజేయండి’ అని ఉంటోందనీ, నిజంగా రాస్తే ఎవరైనా పట్టించుకుంటారా అనీ, హెచ్1బీ వీసాపై ఉన్నవారికి అసలు అడిగే హక్కు ఉందా అనీ మీరు అడిగారు. డాలస్‌కు ఉత్తరాన, ఏ నగర పరిధిలోకీ రాని ఒక సబ్‌డివిజన్‌లో, అంటే ఇళ్ల కాలనీలో, నేను తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. ఒకసారి తప్పుగా అడిగి భంగపడ్డాను, మరోసారి సరిగ్గా అడిగి పని జరిపించుకున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందుగా అడిగే చోటు గురించి. టెక్సాస్‌లోని 254 కౌంటీలలో ప్రతిదానికీ ఒక కమిషనర్స్ కోర్టు ఉంటుంది. పేరులో కోర్టు ఉన్నా అది పాలకమండలి. కౌంటీ జడ్జి అధ్యక్షత వహిస్తారు, కౌంటీలోని నాలుగు ప్రీసింక్టుల (నియోజకవర్గాల) నుంచి ఎన్నికైన నలుగురు కమిషనర్లు సభ్యులుగా ఉంటారు. మన దగ్గర జిల్లా పరిషత్తును చూసిన అలవాటుతో ఈ ఐదుగురూ తలచుకుంటే ఏదైనా చేయగలరని అనుకుంటాం గానీ, రాష్ట్ర చట్టం స్పష్టంగా ఇచ్చిన అధికారాలు తప్ప కౌంటీకి సొంతంగా ఏమీ లేవు. ఇళ్ల పక్కన పెట్రోలు బంకు రాకుండా ఆపమని మా కాలనీవాళ్లు సంతకాలు సేకరించి ఇచ్చారు. ఏ స్థలంలో ఏం కట్టవచ్చో నిర్ణయించే జోనింగ్ అధికారం నగరాలకు ఉన్నట్లు సాధారణంగా కౌంటీలకు లేదు కాబట్టి, ఆ కాగితం మీద ఎన్ని వందల సంతకాలున్నా కమిషనర్ చేయగలిగింది ఏమీ లేకపోయింది.

నా పొరపాటు ఇంకొక రకమైనది. మా సబ్‌డివిజన్ బయట, పిల్లల స్కూలుకు వెళ్లే దారిలో ఉన్న కూడలికి సిగ్నల్ కావాలని అడగడానికి ఒక మంగళవారం ఉదయం ఆఫీసుకు సెలవు పెట్టి సమావేశానికి వెళ్లాను. చీటీ మీద పేరు రాసిచ్చి, నా వంతు రాగానే మూడు నిమిషాలు గుక్కతిప్పుకోకుండా మాట్లాడాను. ఐదుగురూ విన్నారు, అధ్యక్షుడు కృతజ్ఞతలు చెప్పి తరువాతి పేరు పిలిచారు. ఒక్క ప్రశ్న కూడా రాలేదు. మనిషిని నిలబెట్టి అవమానించినట్లనిపించింది. నేను బయటికి రాగానే రోడ్ల విభాగం ఉద్యోగి ఒకరు వెంట వచ్చి, ఆ రోడ్డు కౌంటీది కాదనీ, రాష్ట్ర రవాణా శాఖ నిర్వహించే ఫార్మ్ టు మార్కెట్ రోడ్డనీ చెప్పారు. అలాంటి రోడ్ల పక్కన నల్లటి చదరపు పలక మీద తెల్లగా టెక్సాస్ పటం, అందులో రోడ్డు నంబరు ఉంటాయి. ఆ పలక పక్కనుంచి రోజుకు రెండుసార్లు వెళ్తూ కూడా నేను దాన్ని ఎన్నడూ చదవలేదు.

వాళ్ల మౌనానికి కారణం తరువాత తెలిసింది. అజెండాలో లేని విషయాన్ని ఎవరైనా ప్రస్తావిస్తే, దాని మీద చర్చించడానికి గానీ నిర్ణయం తీసుకోవడానికి గానీ బహిరంగ సమావేశాల చట్టం ఒప్పుకోదు. వాస్తవ సమాచారం చెప్పవచ్చు, అమలులో ఉన్న విధానాన్ని వివరించవచ్చు, లేదా రాబోయే అజెండాలో చేర్చుదామని ప్రతిపాదించవచ్చు. అందువల్ల ఆ మూడు నిమిషాలలో పరిష్కారం కోరడం కన్నా, ‘దీనిని అజెండాలో చేర్చండి’ అని కోరడం మేలు. అజెండాలో ఉన్న అంశం మీదైతే, అది చర్చకు రాకముందో చర్చ జరుగుతుండగానో మాట్లాడే అవకాశం చట్టమే ఇస్తుంది.

రెండోసారి కల్వర్టు సంగతి. స్కూల్ బస్సు ఆగే చోట కాలువ మీదున్న గొట్టం చిన్నది కావడంతో, గట్టివాన పడితే నీళ్లు రోడ్డెక్కేవి. ఈసారి అది కౌంటీ రోడ్డేనని ముందే నిర్ధారించుకున్నాను. మూడు వానలకు మూడు ఫొటోలు, ప్రతిదాంట్లోనూ పక్కింటి పోస్టు డబ్బా స్తంభం కనిపించేలా, నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో తేదీతో సహా తెలిసేలా తీసి, ఒకే పేజీ ఉత్తరంతో మా కమిషనర్ కార్యాలయానికి ఏప్రిల్‌లో పంపాను. ఆ నెల కావాలనే ఎంచుకున్నాను. మా కౌంటీ ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, శాఖల అంచనాలు వేసవికల్లా తయారవుతాయి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బడ్జెట్టుకూ పన్ను రేటుకూ ఆమోదం పడుతుంది. సమాచార లేఖలో ‘ఈ ఏడాది చేపట్టే పనులు’ అని వచ్చేసరికి డబ్బు పంపకం అయిపోయినట్లే లెక్క.

బడ్జెట్టు విచారణ రోజున మా అమ్మ కూడా వచ్చింది. మనవణ్ణి రోజూ బస్సెక్కించేది ఆవిడే. అనువాదకుని ద్వారా మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలన్నది టెక్సాస్ చట్టంలోని నిబంధన, కాబట్టి ఆవిడకు ఆరు నిమిషాలు వచ్చాయి. అమ్మ తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో చెప్పాను. “నీళ్లలో గొయ్యి కనపడదు నాయనా, పిల్లాడి చెయ్యి పట్టుకుని కర్రతో తడుముకుంటూ దాటుతున్నాను” అని రెండు నిమిషాల్లో ముగించి కూర్చుంది. నా ఫొటోలకన్నా ఆ కర్ర మాటే వారికి గుర్తుండిపోయిందని నా అనుమానం. మరుసటి ఏడాది వసంతంలో పెద్ద గొట్టం వేశారు.

హెచ్1బీ గురించి: మాట్లాడటానికి పౌరసత్వం అవసరం లేదు, చట్టంలో ఉన్నది ప్రజలలో ఎవరైనా అనే మాటే. ఆస్తి పన్ను కడుతున్నారు, ఆ డబ్బులో వాటా కౌంటీకి వెళ్తోంది, అడగండి. అయితే ఇలాంటి కార్యక్రమాల దగ్గర ఎవరైనా ఓటరు నమోదు పత్రం చేతికిస్తే మాత్రం సంతకం చేయకండి. పౌరులు కానివారు ఓటరుగా నమోదు కావడం వీసాకు, తరువాత గ్రీన్ కార్డుకు తీవ్రమైన ముప్పు తెస్తుంది.

కౌంటీ చేతిలో లేని విషయాలకు కూడా ఒక దారి ఉంది. శాసనసభ సాధారణ సమావేశాలు బేసి సంవత్సరాల జనవరిలో మొదలై 140 రోజుల వరకు జరుగుతాయి. దానికి ముందు వచ్చే శరదృతువులో చాలా కౌంటీలు రాష్ట్రాన్ని ఏయే చట్టాలు కోరాలో తీర్మానించి పంపుతాయి. చట్టం మారాలనుకునే కోరికలకు అదే అదను. చట్టం మారాక మళ్లీ కౌంటీ దగ్గరికే రావలసిన సందర్భాలూ ఉంటాయి. 2023లో చట్టాన్ని సవరించి, దీపావళి రోజుల్లో బాణసంచా అమ్మకాలను అనుమతించే అధికారాన్ని కమిషనర్స్ కోర్టులకు ఇచ్చారు. అనుమతించాలో లేదో కౌంటీ ఇష్టం, అనుమతిస్తే దానికి ఉత్తర్వు కావాలి. మా కాలనీలో ప్రతి అక్టోబరులోనూ ‘ఇక్కడెందుకు అమ్మరు’ అని గొణుక్కునేవాళ్లే గానీ, అజెండాలో చేర్చమని రాసినవాళ్లు ఇంతవరకు లేరు. ఈ వేసవిలో ఆ ఉత్తరం నేనే రాస్తున్నాను.