శాలువా కప్పిన చేత్తోనే అడగకండి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు మీ యూనివర్సిటీ పూర్వవిద్యార్థుల కమిటీ సెక్రటరీవయ్యావని, లండన్ లాయరు గారికి సన్మానం చేయిస్తున్నావని చెప్పింది. పొద్దున్న పాలవాడితో సహా పర్లాకిమిడిలో కనబడిన ప్రతివాడికీ చెప్పేశాను. అయితే అమ్మ చివర్లో ఇంకో మాట అంది. "ఆయన స్టేజీ మీద ఉండగానే ఆడిటోరియంకి విరాళం సంగతి కూడా కదుపుతారట." దాంతో నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకోకు.

ముందు తేదీ సంగతి. అక్టోబరు రెండో వారం ఎవరు పెట్టారమ్మా? ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీకి హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసింది. 2018లో తిత్లీ వచ్చింది 11న, మా ఇంటి పెంకులు పక్క వీధిలో ఏరుకున్నాం. ఆ వారం వస్తే నేను ఇప్పటికీ టార్చిలైటు దిండు కింద పెట్టుకుని పడుకుంటాను, మీ అత్తయ్య నవ్వుతుంది, నవ్వనీ. పైగా లండన్ హైకోర్టులో ఒక టర్మ్, అంటే కోర్టు నడిచే కాలం, అక్టోబరు 1న మొదలై డిసెంబర్ 21న ముగుస్తుంది, తర్వాతది జనవరి 11న. లాయరువి, ఇది నేను చెప్పాలా? ఆ మధ్యలో పెట్టు. ఆయనకీ వీలు, షామియానాకీ క్షేమం.

హాలు, భోజనాలు, ఫొటోలు నువ్వు చూసుకోగలవు. జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో మాత్రం ఎవరి మాటా నమ్మకుండా నీ కళ్ళతో చూసుకో.

ఆ మెరుపుల శాలువా వద్దు, ఎన్ని కప్పించుకుని ఉంటారో పాపం. బరంపురం పిల్లాడికి బరంపురం పట్టు జోడు పెట్టండి, కుంభం అంచుది, ధోవతీ ఉత్తరీయమూ. ధర చీటీ ముందే తీసేయండి. సన్మాన పత్రంలో 'విద్వద్వరేణ్యా' లాంటివి కొట్టేయ్. వాడుక భాష కోసం కొట్లాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మా ఊళ్ళోనే, మనకి మాత్రం పత్రం రాయాలంటే ఇప్పటికీ నోట్లోంచి గ్రాంథికమే ఊడిపడుతుంది. ఏటా ఎంతమంది పిల్లల ఫీజు కట్టారో, లైబ్రరీకి ఏ పుస్తకాలు పంపారో, అది రాయండి చాలు. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి చదవండి, యూనివర్సిటీ వాళ్ళు బిక్కమొహాలు వేసుకుని కూర్చోకుండా. వక్తలందరూ వి.వి. గిరి గారు 1913లో బరంపురం నుంచి డబ్లిన్ వెళ్ళి లా చదవడంతోనే మొదలుపెడతారు, చూస్తూ ఉండు. ఆ మాట ఎవరో ఒక్కరికి అప్పజెప్పు.

ఇప్పుడు అసలు సంగతి.

ముప్పై ఏళ్ళ పైమాట. నేనూ ఇలాగే ఒక పూర్వవిద్యార్థుల సంఘంలో తిరిగేవాణ్ణి, మైకు నాదే. అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు ఒకాయన, మేం చదివిన చోట పైకప్పు కారుతోందని తెలిసి ఎవరూ అడక్కుండానే డబ్బు పంపాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఊరొచ్చాడు, సన్మానం పెట్టాం. ముందు రోజు సాయంత్రం టీ తాగుతుంటే ఎవరో ఆడపిల్లల హాస్టల్‌కి గదులు చాలడం లేదన్నారు. ఆయన "చూద్దాం లెండి" అన్నాడు. అంతే. ఆ మాటకి అర్థం నీకూ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడు జనాన్ని చూసేసరికి నాకు ఒళ్ళు తెలీలేదు. శాలువా కప్పాం, చప్పట్లు ఆగలేదు, ఆ ఊపులో "మన సోదరుడు హాస్టల్‌కి రెండు గదులు కట్టిస్తామని మాటిచ్చారు" అని మైకులో అనేశాను. ఇంకా గట్టిగా చప్పట్లు. నేను తిరిగి చూస్తే ఆయన స్టీలు గ్లాసు నోటి దాకా తెచ్చి, తాగకుండా కింద పెట్టి, దాని మీద మూత సరిగ్గా పెడుతున్నాడు. ఆయన భార్య ఆయన వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. మాట్లాడమంటే జేబులోంచి మడతపెట్టిన కాయితాలు తీశాడు, నాలుగైదు ఉంటాయి, ఒకసారి చూసి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. అందరికీ నమస్కారం, మీ ఆదరణకి ధన్యవాదాలు అని కూర్చున్నాడు.

రెండు నెలల్లో డబ్బు వచ్చింది, పైసా తగ్గకుండా. గదులు లేచాయి, శిలాఫలకం మీద ఆయన పేరూ ఉంది. నాకు మాత్రం ఏటా సంక్రాంతికి వచ్చే ఉత్తరం ఆగిపోయింది. నేను రెండుసార్లు రాశాను, క్షమాపణ అనే మాట వాడకుండా ఆ చుట్టూ తిరుగుతూ. జవాబు లేదు. ఆ కాయితాల్లో ఏం రాసుకొచ్చాడో ఇన్నేళ్ళలో నాకు తెలియనే లేదు.

కాబట్టి ఆడిటోరియం ఊసు స్టేజీ మీద వద్దు, పత్రంలో వద్దు, కారులో ఆయన్ని తీసుకొచ్చేటప్పుడు కూడా వద్దు. కమిటీ పెద్దలు పట్టుబడితే నా పేరు చెప్పు, తిట్లు నేను తింటాను.

ఆయనంతట ఆయనే ఇస్తానంటే మీ కమిటీ పేర చెక్కు పుచ్చుకోకండి. భారతీయ పాస్‌పోర్టే ఉండి, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే సరే. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల మీద 2010లో వచ్చిన ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అది విదేశీ విరాళమే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని మీ సంఘం ముట్టుకోకూడదు. యూనివర్సిటీ వాళ్ళనే నేరుగా మాట్లాడుకోమను. చట్టం నీకు నేను చెబుతున్నానని కోప్పడకు, టెన్షన్ నాది.

ఆయన చదువుకున్న రోజుల్లో పనిచేసిన అటెండర్లు, లైబ్రరీలో పుస్తకాలు అందించిన వాళ్ళు ఎవరైనా ఉంటే వెతికి పట్టుకో. ముందు వరసలో కూర్చోబెట్టు. ఆయన చేత మాట్లాడించు, వాచీ చూడకు.

బరంపురం అమ్మవారి జాతరలో, ఆ ఠాకురాణీ యాత్రలో, నా భుజాల మీద కూర్చుని, జనం మధ్య "మావయ్యా, దింపకు" అని నా జుట్టు పీకిన పిల్లవి నువ్వు, ఇప్పుడు సెక్రటరీవి. ఆ రోజుకి నేనూ అత్తయ్యా వస్తాం. వెనక వరసలో రెండు కుర్చీలు చాలు. మైకు మాత్రం నా చేతికి ఇవ్వకు.

మావయ్య