తాతయ్య కెమెరాలో నారింజ చారలు

ప్రశ్న: మా తాతయ్య వాడిన 35 ఎంఎం ఫిల్మ్ కెమెరాతో ఒక రోల్ తీశానండి, సగం ఫొటోల అంచున నారింజ చారలు పడ్డాయి. లెన్స్ పోయిందంటారా? ఇంకోటి, 2003 నాటి డిజిటల్ కెమెరాలో 32 జీబీ ఎస్‌డీ కార్డు పెడితే ఎర్రర్ వస్తోంది.

జవాబు: లెన్స్ కాదండి, లైట్ లీక్ అయ్యుంటుంది. వెనక తలుపు గాడిలో నల్ల ఫోమ్ ఉంటుంది కదా, ఒకసారి వేలితో ముట్టి చూడండి, తారులా అంటుకుంటే అది పాడైపోయినట్టే, ఆ సందులోంచే వెలుతురు దూరి ఫిల్మ్ మీద పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో ఓపిగ్గా గీకి తుడిచి కొత్త ఫోమ్ అతికించండి, షట్టర్ పరదాని మాత్రం అస్సలు తాకొద్దు ప్లీజ్, తాతయ్య చేతిలో తిరిగిన వస్తువు అది. డిజిటల్‌దైతే తేలికే, మీ 32 జీబీది ఎస్‌డీహెచ్‌సీ, అంటే ఎక్కువ నిల్వ ఉండే రకం, ఆ కార్డులు వచ్చిందే 2006లో, అందుకే మీ పాత కెమెరాకి అర్థం కావట్లేదు, 1 జీబీ మామూలు ఎస్‌డీ కార్డు పెట్టి కెమెరాలోనే ఫార్మాట్ చేసి చూడండి.