పతకం అంచు, పహాణీ గడి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా తాతయ్యది కృష్ణా జిల్లా గుడివాడ తాలూకా. రెండో ప్రపంచ యుద్ధంలో మిలిట్రీలో చేసి, తిరిగొచ్చాక నిజాంసాగర్ కాలువ కింద బోధన్ దగ్గర ఒక క్యాంపులో తుమ్మలు కొట్టి పొలం చేశారని నాన్న చెప్పేవారు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ట్రంకు పెట్టెలో ఒక నక్షత్రం పతకం, రెండు గుండ్రటి పతకాలు, చెదలు తిన్న చిన్న పుస్తకం మిగిలాయి. ఆయన ఏ దళంలో చేశారు, ఆ భూమి ఎప్పుడు, ఎలా వచ్చింది అన్నది రాసిపెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఆ ట్రంకు పెట్టె దగ్గరే మొదలుపెట్టండి. మీకు కావలసినవి రెండు నంబర్లు: తాతగారి ఆర్మీ నంబరు, ఆ పొలం సర్వే నంబరు. పేరు పట్టుకుని బయల్దేరితే తిరుగుడే మిగులుతుంది. ఒకే పేరును బెంగళూరులో మిలిట్రీ గుమాస్తా ఇంగ్లిషులో ఒకలా, బోధన్‌లో పట్వారీ ఉర్దూలో మరోలా రాసి ఉంటారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలే ఉండదు.

గుండ్రటి పతకాన్ని నిలబెట్టి దాని అంచు చూడండి. నక్షత్రాన్ని తిప్పి వెనక చూడండి. రెండో యుద్ధంలో బ్రిటిష్ సిపాయిలకు పేరు లేని పతకాలే పంచారు గానీ, మనవాళ్లకు ఇచ్చిన వాటి మీద నంబరు, హోదా, పేరు, దళం పొట్టి అక్షరాల్లో కొట్టి ఇచ్చారు. కంటికి ఆనకపోతే గది చీకటి చేసి, సెల్‌ఫోను టార్చిని పక్క నుంచి ఏటవాలుగా పట్టి ఫొటో తీయండి. దీపం ఎదురుగా పెడితే అక్షరం లోతు తెలియదు. పతకాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఏడెనిమిది ఫొటోలు తీస్తే అంచంతా వస్తుంది. దయచేసి చింతపండుతో తోమకండి. దేవుడి గదిలో ఇత్తడి సామానుతో పాటు ఏటా తోమి, ఉన్న ఒక్క ఆధారాన్నీ అరగదీసుకున్న ఇళ్లు చాలానే ఉన్నాయి.

హోదా ఒక్కటి చదవగలిగినా సగం దారి తెలుస్తుంది. సిపాయి అంటే పదాతి దళం, సవార్ అంటే అశ్విక దళం, సాపర్ అంటే ఇంజినీర్లు, గన్నర్ అంటే ఫిరంగి దళం. డ్రైవర్ అని ఉంటే లారీయే అనుకోకండి, కంచర గాడిదలను తోలినవాళ్లకూ అదే మాట. దళం దగ్గర ‘ఐ.ఇ.’ అని ఉంటే ఇండియన్ ఇంజినీర్స్. ‘ఆర్.ఐ.ఎ.ఎస్.సి.’ అంటే రేషన్లు, రవాణా చూసే సర్వీస్ కోర్.

ఇక నక్షత్రం. ఆ యుద్ధంలో ఇచ్చిన నక్షత్రాలన్నీ ఆరు మొనలవే, ఒకే అచ్చు. ఏ రంగానిదో మధ్యనున్న వలయంలో రాసి ఉంటుంది. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమాన చారల రిబ్బను ఉంటే 1939–45 స్టార్. ముదురు నీలం మధ్యలో వెడల్పాటి ఎర్ర చార, రెండు నీలాల నడుమా సన్నటి నారింజ గీతలు ఉంటే బర్మా స్టార్. రిబ్బన్లను ఇంట్లో ఎవరో మార్చి కుట్టే అవకాశం ఉంది కాబట్టి వలయంలో రాతనే నమ్మండి. ఇంకో మాట: బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన తాతగారు తుపాకీ పట్టి ఎదురు నిలిచారని రాసేయకండి. నిర్ణీత తేదీల మధ్య అస్సాం, బెంగాల్‌లలో పనిచేసినవాళ్లకూ అది దక్కింది. గుండ్రటి వాటిలో, రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం ఉన్నది వార్ మెడల్. ఇండియా పటం ఉన్నది ఇండియా సర్వీస్ మెడల్.

చెదలు తిన్నది బహుశా డిశ్చార్జి పుస్తకం. విదిలించకండి, పేజీలు ఊడదీయకండి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీసి, తెరుచుకున్నంత మేర ఫొటో తీయండి. చేరిన తేదీ, విడుదలైన తేదీ, కారణం, ఊరు, పోస్టాఫీసు, తాలూకా, జిల్లా అందులోనే ఉంటాయి. వయసును మాత్రం నమ్మవద్దు. పుట్టిన తేదీ కాగితం లేని కుర్రాణ్ణి మనిషిని చూసి అంచనా వేసి రాసేవారు. రెండు మూడేళ్ల తేడా మామూలే.

నంబరు దొరికాక ఆ దళం రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. మద్రాస్ సాపర్లకూ పయొనీర్ కోర్‌కూ (రోడ్లు వేయడం, సరుకు దించడం లాంటి పనుల దళం) బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుకు నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, యంత్రాలు, వాహనాలు బాగుచేసే ఇ.ఎం.ఇ. దళానికి మన సికింద్రాబాదే. ఉత్తరంలో నంబరు, హోదా, పతకం మీద ఉన్న ఇంగ్లిషు స్పెల్లింగు, మీరు ఊహించే మరో రెండు స్పెల్లింగులు, తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, జిల్లా, సుమారుగా చేరిన సంవత్సరం రాయండి. మరణ ధ్రువీకరణ, మీ బంధుత్వం చూపే కాగితం, మీ గుర్తింపు కార్డు నకళ్లు జతచేయండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది. ఎక్కడ ఆగిందో అడగడానికి ఒక మనిషి ఉంటాడు.

ముందే చెప్పాలి, ఫైలు దొరక్కపోవచ్చు. యుద్ధ కాలంలో చేరినవాళ్లలో అత్యధికులను యుద్ధం ముగియగానే పింఛను లేకుండా ఇంటికి పంపేశారు. పింఛను లేనివారి కాగితాలను గడువు తీరాక తీసేయడం రివాజు. అప్పుడు మీ చేతిలోని పతకం అంచే మూల పత్రం అవుతుంది, అందుకే అంత గట్టిగా చెప్పాం. చాలామంది ముందుగా కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాలో వెతికి, పేరు లేదని నిరాశపడతారు. అది యుద్ధంలో చనిపోయినవారి జాబితా. ఇంటికొచ్చి పొలం చేసిన మనిషి అందులో ఉండడు.

ఇప్పుడు రెండో నంబరు. మంజీరా మీద నిజాంసాగర్ కట్టింది 1923–31 మధ్య. నీళ్లొచ్చాక కృష్ణా, గుంటూరు వైపు రైతులు వచ్చి పొలాల మధ్యే గుడిసెలు వేసుకుంటే వాటికి క్యాంపులని పేరు పడింది. తడబడేది ఇక్కడే. క్యాంపు పేరుతో రెవెన్యూ రికార్డు అడిగితే లేదంటారు. చాలా క్యాంపులు రెవెన్యూ గ్రామాలు కావు, ఏదో పాత ఊరి శివారు. కాబట్టి ముందు మీ క్యాంపు ఏ రెవెన్యూ గ్రామం కిందికి వస్తుందో ఆ ఊరి పెద్దలను అడగండి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు బోధన్ నిజామాబాద్‌లోనే ఉండిపోయింది, బాన్సువాడ కామారెడ్డికి వెళ్లింది. ఏ కలెక్టరేట్ గడప ఎక్కాలో దాన్ని బట్టే.

అడగవలసిన మొదటి కాగితం 1954–55 ఖాస్రా పహాణీ. పహాణీ అంటే ఏ సర్వే నంబరు ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో గడులు గీసి రాసిన ఊరి రికార్డు. తెలంగాణ భూములకు అది పునాది లాంటిది. తాతగారి పేరు పట్టాదారు గడిలో లేకపోతే పేజీ మూసేయకండి, పక్కనున్న అనుభవదారు గడి చూడండి. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది మొదట కౌలుకే చేశారు. పట్టా స్థానిక దొర పేరునో దేశ్‌ముఖ్ పేరునో ఉంటుంది. తర్వాత 1955–58 చెస్సల పహాణీ, ఆ పైన ఏటేటా పహాణీలు వరసగా చూసుకుంటూ వస్తే, ఏ ఏడు ఆయన పేరు ఆ గడి లోంచి ఈ గడిలోకి దూకిందో అదే కొన్న ఏడుకు దగ్గర. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు కూడా అడగండి. వెనక్కి వెళ్లాలంటే సేత్వార్. సర్వే నంబరు మొదట ఎవరి పేరున, ఎన్ని ఎకరాల గుంటలకు ఏర్పడిందో అందులో ఉంటుంది. విస్తీర్ణం కూడేటప్పుడు 40 గుంటలకు ఎకరం అని మరవకండి. 4.25 అని ఉంటే నాలుగుంపావు కాదు, నాలుగెకరాల పాతిక గుంటలు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు దొరకలేదా? కంగారు వద్దు. ఆ రోజుల్లో సాదా బైనామా మీద, అంటే మామూలు కాగితం మీద రాసుకుని, చేసిన కొనుగోళ్లు కొల్లలు. దానికి బదులు గుడివాడ వైపు వెతకండి. ఇక్కడ కొనడానికి అక్కడ అమ్మి ఉంటారు కదా. అక్కడి రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇండెక్సు ఒకటి పేర్లతో, ఇండెక్సు రెండు ఆస్తులతో ఉంటాయి. అమ్మిన దస్తావేజులో అమ్మకందారు ‘ప్రస్తుత కాపురం’ కూడా రాస్తారు. అక్కడ బోధన్ తాలూకా పేరు కనబడితే, ఆ తేదీకే తాతగారు ఇటు వచ్చేశారన్నమాట. అటువైపు భూమి రికార్డులకు పేర్లు వేరు: పహాణీకి బదులు అడంగల్, పాత రీసెటిల్మెంట్ రిజిస్టరుకు డైగ్లాట్.

తేదీలు ఫసలీలో, అంటే పాత రెవెన్యూ సంవత్సరం లెక్కలో ఉంటాయి. ఇంగ్లిషు సంవత్సరం కావాలంటే 590 కలపండి. నిజాం ఇలాకాలో ఫసలీ ఏడు అక్టోబరు మొదట్లో ఆజూరు నెలతో మొదలయ్యేది, కనుక జనవరి నుంచి వచ్చే తేదీలకు 591. ఫసలీ 1357 అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా, పోలీసు చర్య ఆ ఏడు చివర్లో పడుతుంది. మద్రాసు ఇలాకాలో ఫసలీ జులై 1న మొదలవుతుంది. గుడివాడ కాగితానికీ బోధన్ కాగితానికీ ఒకే లెక్క కడితే మూడు నెలలు తేడా వచ్చి, ఆయన ఒకేసారి రెండు చోట్ల ఉన్నట్టు తేలుతుంది.

తహసీల్ ఆఫీసుకు వెళ్లినప్పుడు ‘మా తాత భూమి’ అని మొదలుపెట్టకండి. భూమి తగాదా అనుకుని ఎవరూ నోరు విప్పరు. గ్రామం, సర్వే నంబరు, సంవత్సరం రాసి, కుటుంబ చరిత్ర కోసం నకలు కావాలని అర్జీ పెట్టండి.

ప్రశ్న: మా ముత్తాత ‘నిజాం ఫౌజు’లో ఉండి, మొదటి యుద్ధంలో ఈజిప్టు వెళ్లాడని అంటారు. హైఫా యుద్ధంలో గుర్రం మీద పోరాడాడని కూడా ఒక మాట ఉంది. రికార్డులు ఎక్కడుంటాయి? – ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: హైదరాబాద్ పేరుతో రెండు వేర్వేరు సైన్యాలు ఉండేవి, ముందు అది తేల్చుకోండి. ఒకటి నిజాం సొంత ఫౌజు. అందులోని ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు (ఈటెలు పట్టిన అశ్విక దళం) మైసూరు లాన్సర్లతో ఒకే బ్రిగేడుగా సూయజ్ కాలువ దగ్గర, తర్వాత జోధ్‌పూర్ లాన్సర్లూ కలిశాక పాలస్తీనాలో పనిచేశారు. మీ ఇంట్లో మాట ఇటే సూచిస్తోంది. ఈ ఫౌజు కాగితాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి. ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి కనుక పాత చేతిరాత చదవగలిగిన మనిషిని వెంటబెట్టుకు వెళ్లండి. అచ్చు ఉర్దూ చదివేవాళ్లందరూ గొలుసుకట్టు రాత చదవలేరు.

రెండోది హైదరాబాద్ కాంటింజెంట్. పేరు మనదే అయినా పెత్తనం ఆంగ్లేయులది, 1903లో పూర్తిగా భారత సైన్యంలో కలిసింది. దాని పదాతి దళాలు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటై, 1945లో కుమావూఁ రెజిమెంటుగా పేరు మార్చుకున్నాయి, రికార్డుల చిరునామా రాణీఖేత్. అదే కాంటింజెంట్ అశ్విక దళం నుంచి వచ్చిన 20వ డెక్కన్ హార్స్ 1916 జులై 14న ఫ్రాన్సులో సోమ్ రణరంగంలో హైవుడ్ దగ్గర దాడి చేసింది.

హైఫా సంగతి జాగ్రత్త. 1918 సెప్టెంబరు 23న ఆ ఊరి మీదికి దౌడు తీసింది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. హైదరాబాద్ లాన్సర్లు అదే బ్రిగేడు, అదే దండయాత్ర, కానీ ఆ రోజు దాడిలో లేరు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర మూడు విగ్రహాల్లో హైదరాబాదుకూ వాటా ఉండటంతో ఈ కథ పుట్టింది. ‘హైఫా తీసుకున్న బ్రిగేడులో ఉన్నాడు’ అని రాస్తే తప్పు పోదు.

ముత్తాత ఎప్పుడు పుట్టాడో పెద్దవాళ్లను అడిగేటప్పుడు సంవత్సరం అడగకండి. తుగ్యానీకి, అంటే 1908 సెప్టెంబరు మూసీ వరదకు, ముందా తర్వాతా, అప్పటికి పెళ్లయిందా అని అడగండి.

ప్రశ్న: తాత డిశ్చార్జి కాగితంలో ‘పయొనీర్’ అని ఉంది. మా ఊళ్లో మొదట అడవి కొట్టి సేద్యం చేసినవాడు ఆయనే కాబట్టి అలా రాశారని బాబాయి అంటారు. నిజమేనా? – ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: బాబాయిగారి మాట వినసొంపుగా ఉంది గానీ, కాదు. అది హోదా పేరు. రెండో యుద్ధంలో పయొనీర్ దళాలు రోడ్లు వేయడం, ఓడల్లో సరుకు దించడం, విమానాల మైదానాలు చదును చేయడం లాంటి పనులు చేశాయి. అంతకు ముందు మద్రాస్ పయొనీర్లు అని వేరే ఉండేవారు, వాళ్ల దళాన్ని 1933లో రద్దు చేశారు. చేరిన తేదీని బట్టి ఏదో తెలుసుకోండి. అడవి కొట్టిన సంగతికి విడిగా ఆధారం కావాలి: పహాణీలో ఆ సర్వే నంబరు ముందు ‘సర్కారీ’, ‘పరంపోగు’ అని ఉండి, తర్వాత లావుణీ పట్టాగా (సర్కారు భూమిని సాగుకు ఇచ్చిన పట్టా) మారితే బాబాయిగారి రెండో సగం నిజమే.

ప్రశ్న: మా అమ్మమ్మ నాన్న ‘బర్మా యుద్ధం నుంచి నడిచి వచ్చాడు’ అంటారు. సైనికుడేనా? – ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: కాకపోయే అవకాశమే ఎక్కువ. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ వేలాది తెలుగువాళ్లు పనిచేసేవారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక అరకాన్ దారిన, మణిపూర్ దారిన నడిచి వచ్చినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. పటాలంతో వచ్చినవాడికి నంబరో పతకమో ఉంటుంది. భార్యాపిల్లలతో వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటే కూలికో వ్యాపారానికో వెళ్లినవాడే.

ప్రశ్న: మూడు తరాలకు పైన పేర్లు తెలియవు, కాగితాలూ లేవు. – ఒక పాఠకుడు, ఎల్బీ నగర్

జవాబు: మీ సొంతూళ్లో మీ కులానికి వంశం చెప్పే ఆశ్రితులు ఎవరో కనుక్కోండి. రెడ్డి, కాపు ఇళ్లకు పిచ్చకుంట్లవారు (ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు), యాదవులకు మందహెచ్చులవారు, పద్మశాలీలకు కూనపులివారు. పంటలు ఇంటికొచ్చాక ఊళ్లకు వస్తారు. వాళ్లు చెప్పింది రికార్డు చేసుకోండి, సంభావన ఇవ్వండి. గోత్రం, ఇంటిపేరు, వలస వచ్చిన ఊరు వాళ్ల దగ్గర గట్టిగా నిలుస్తాయి. వరసల్లో మాత్రం ఒక తాత పేరు రెండుసార్లు రావడమో, ఒక తరం జారిపోవడమో ఉంటుంది, దాన్ని పహాణీతో సరిచూసుకోండి.