స్పీకర్లు కొంటున్న అబ్బాయికి

ప్రొద్దుటూరు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మొదటి జీతంతో కడప ఇంట్లో పాటల సెట్టు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. రేడియోలు, మైకుసెట్లు బాగుచేసి బతికినవాడిని, ఇంట్లో ఒకడికైనా ఈ పిచ్చి అంటిందని సంబరపడ్డాను. స్పీకర్లు 100 వాట్లవి, ఆంప్లిఫయర్ 20 వాట్లది అని తెలిశాక మాత్రం నిద్ర పట్టలేదు.

ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. తీగలు కలిపేటప్పుడు కరెంటు ఆపెయ్యి. పెట్టె మీద వేలల్లో వేసే పీఎంపీవో అంకె నమ్మకు, అది ఆర్భాటానికి వేసేది. ఆగకుండా ఇవ్వగల అసలు శక్తిని ఆర్ఎంఎస్ అంటారు, అది ఎంతో అడుగు.

చిన్న ఆంప్లిఫయర్ పెద్ద స్పీకర్లను ఏం చేస్తుందిలే అన్నావట. మీ నాన్న కూడా అచ్చం ఇదే మాట అన్నాడు. మీ గృహప్రవేశం నాడు చుట్టాల సందడిలో పాట వినిపించడం లేదని నాబ్ చివరిదాకా తిప్పాడు. వద్దురా అన్నాను. అన్న మాట తమ్ముడు ఎప్పుడు విన్నాడు గనుక! కాసేపటికి పాటలో తాళాలూ గజ్జెలూ మాయమయ్యాయి, బొంగురు గొంతు ఒకటే మిగిలింది. విప్పి చూస్తే రెండు ట్వీటర్లూ, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు, కాలిపోయి ఉన్నాయి. శక్తికి మించి అడిగితే ఆంప్లిఫయర్ పాట అలల తలలు నరికి పంపుతుంది. అప్పుడు 20 వాట్ల డబ్బా నుంచి దాదాపు రెట్టింపు శక్తి బయటికి వస్తుంది, పాటలో లేని కీచు శబ్దాలు పుడతాయి. ఆ కీచు శబ్దాలు వెళ్లేది ట్వీటరుకే. దాని కాయిల్ తీగ వెంట్రుకంత సన్నం. 100 వాట్లని రాసింది మొత్తం స్పీకరుకు గాని ఒక్క ట్వీటరుకు కాదు కదా! స్పీకర్లే నాసిరకమని మీ నాన్న ఇప్పటికీ వాదిస్తాడు. ఈ ఉత్తరం వాడికి చూపించకు.

మెల్లగా వినేవాడికి 20 వాట్లు చాలు, అది నిజమే. కానీ నీ స్నేహితులు వస్తారు, ఎవడో ఒకడు నాబ్ మీద చెయ్యి వేస్తాడు. అందుకే ఆంప్లిఫయర్ 60 నుంచి 100 వాట్ల మధ్య చూడు. డబ్బు చాలకపోతే సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె, ఎక్కువున్న స్పీకర్లు తీసుకో. 87 డెసిబెల్స్ స్పీకరుకు కావలసిన శక్తిలో సగంతోనే 90 డెసిబెల్స్ స్పీకరు అంతే గట్టిగా పలుకుతుంది.

ఓమ్‌లు కూడా చూడు నాన్నా, స్పీకరు కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె అది. ఆంప్లిఫయర్ వెనక 8 అని మాత్రమే ఉంటే 4 ఓమ్‌ల స్పీకర్లు తగిలించకు, వేడెక్కి చస్తుంది. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను ఎరుపు ఎరుపుతో, నలుపు నలుపుతో ఒకే చోట కలిపినా 4 అవుతుంది. పైగా మన కడప ఎండ మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. ఆంప్లిఫయర్‌ని అలమరలో ఇరికించి పైన గుడ్డ కప్పావంటే నేను ఊరుకోను. హాల్లో కడప బండలు శబ్దాన్ని వెనక్కి కొడతాయి, జంపఖానా పరిచి విను.

డబ్బు కట్టేముందు రెండింటి వెనక అంకెలూ ఫోటో తీసి పంపు. సెట్టు వచ్చాక నేనే మల్టీమీటరు పట్టుకుని వస్తాను. 8 ఓమ్‌ల స్పీకరు మీటరులో 6 దగ్గర చూపిస్తుంది, అది మామూలే, అంగడివాడు మోసం చేశాడని గొడవకు దిగకు.

మీ పెదనాన్న