సింగపూర్ కోపి, కాయా టోస్ట్: ఏది కట్టించుకోవాలి, ఏది అక్కడే తినాలి

అమ్మానాన్నలతో రెండు రోజులు సింగపూర్‌లో ఆగుతున్నామని, ఎమ్మార్టీ (ఇక్కడి మెట్రో రైలు) స్టేషన్ల దగ్గర కోపి అనే ఇక్కడి కాఫీ, కాయా అనే జామ్ రాసిన టోస్ట్ పార్సిల్ ఇచ్చే చిన్న కౌంటర్లలో ఎలా ఆర్డర్ చెప్పాలని అడిగారు. అమ్మగారు గుడ్డు తినరు, నాన్నగారికి షుగర్ అన్నారు. ఇక్కడే ఉద్యోగం, పొద్దున్న ఆఫీసుకు వెళ్తూ అలాంటి కౌంటర్ దగ్గర ఆగడం నాకు అలవాటు కాబట్టి చెబుతున్నాను: కాఫీ కట్టించుకోండి, టోస్ట్ మాత్రం కౌంటర్ పక్కన నిలబడే తినేయండి.

ఆ టోస్ట్‌లో ఉన్న మజా అంతా పలచటి బ్రెడ్డు కరకరలాడటంలో, మధ్యలో పెట్టిన చల్లటి వెన్న ముక్క పూర్తిగా కరగకముందే నోట్లో పడటంలో ఉంది. అట్టపెట్టె మూత పడిందా, లోపలి ఆవిరికి కాసేపట్లోనే బ్రెడ్డు మెత్తబడిపోతుంది, వెన్న నూనెలా కారుతుంది. తప్పక పట్టుకెళ్లాల్సి వస్తే నేను మూత వేయొద్దని చెబుతాను. టోస్ట్‌తో పాటు సెట్‌లో వచ్చే సగం ఉడికిన గుడ్లు పార్సిల్‌కు అసలు పనికిరావు. వాటిని గిన్నెలోకి కొట్టి, నల్ల సోయా సాస్, తెల్ల మిరియాల పొడి వేసుకుని, వేడి మీద జుర్రుకోవాలి. తెల్లసొన కూడా సరిగా గట్టిపడని ఆ గుడ్లను చూసి మనవాళ్లలో చాలామంది కుర్చీ వెనక్కి జరుపుతారు. మీకు ధైర్యం ఉంటే కూర్చుని తినే కొట్టుకే వెళ్లండి.

అమ్మగారి సంగతి జాగ్రత్త. కాయా అంటే కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర, పాండన్ అనే సువాసన ఆకు కలిపి సన్నటి సెగ మీద కలియబెడుతూ చేసే జామ్. పాండన్ ఆకు ఎక్కువైతే పచ్చగా ఉంటుంది, చక్కెరను మాడ్చి చేసే హైనాన్ (చైనాలోని దీవి) పద్ధతిలో గోధుమరంగులో ఉంటుంది. రెండింట్లోనూ గుడ్డు ఉంటుంది. పచ్చరంగు, కొబ్బరి వాసన చూసి శాకాహారం అనుకుని తినేసేవాళ్లు ఎందరో. కౌంటర్‌లో ‘వెజిటేరియనా?’ అంటే మాంసం లేదుగా అని అవుననేస్తారు, అందుకే ‘గుడ్డు ఉందా?’ అని సూటిగా అడగండి. చాలా చోట్ల వెన్న, చక్కెర చల్లిన టోస్ట్ గానీ పీనట్ బటర్ టోస్ట్ గానీ దొరుకుతుంది. అమ్మగారికి అది చెప్పండి, బ్రెడ్డులో గుడ్డు ఉందేమో కూడా ఓ మాట అడగండి.

ఇక కోపి. మన ఫిల్టర్ కాఫీని మనసులో పెట్టుకుని తాగితే నిరాశపడతారు. ఇది ఎక్కువగా రోబస్టా గింజ. చక్కెర, మార్గరీన్ వేసి నల్లగా మెరిసేదాకా వేయిస్తారు. ముతకగా దంచిన పొడిని మేజోడులా వేలాడే గుడ్డ సంచిలో వేసి, పొడుగు ముక్కు కెటిల్‌తో మరిగే నీళ్లు పోసి, అటూ ఇటూ వంచి డికాక్షన్ దించుతారు. కప్పులో డికాక్షన్, వేడినీళ్లు, పాలు కలిపితే కోపి. మాడిన చక్కెర వాసన, కాస్త చేదు, నాలుక మీద బరువు. అరబికా కంటే రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, కాబట్టి సాయంత్రం తాగితే నిద్ర మీద ఆశ వదులుకోవచ్చు. నాకైతే మొదట్లో నచ్చలేదు, ఇప్పుడు పొద్దున్న అది పడకపోతే బుర్ర పనిచేయదు.

ఆర్డర్ చెప్పే భాష మలయ్, చైనా భాషలైన హొక్కియెన్, కాంటనీస్ కలగలుపు. ఉత్త ‘కోపి’ అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో, అంటే తీపి ఖాయం. ‘కోపి ఓ’ అంటే పాలు లేకుండా చక్కెరతో. ‘కోపి సి’ అంటే తీపి లేని చిక్కటి డబ్బా పాలు, పైన చక్కెర కూడా వేస్తారు. చివర ‘కొసాంగ్’ చేరిస్తే చక్కెర ఉండదు. అయితే కండెన్స్‌డ్ మిల్క్‌లోనే చక్కెర ఉంటుంది కనుక నాన్నగారికి పాలకాఫీ కావాలంటే ‘కోపి సి కొసాంగ్’ అనే చెప్పాలి. ‘సియు దాయ్’ అంటే తీపి తక్కువ, ‘గావ్’ అంటే స్ట్రాంగ్, ‘పో’ అంటే పలచన, ‘పెంగ్’ అంటే ఐస్‌తో. కోపి బదులు ‘తే’ అంటే ఇవే మాటలతో టీ వస్తుంది. పార్సిల్‌కు ‘దా బావ్’ అంటే చాలు. కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడను ‘ఆంటీ’ అనొచ్చు, ఇక్కడా అదే పిలుపు. పాత కొట్లలో కోపిని ప్లాస్టిక్ సంచిలో పోసి దారం కట్టి ఇస్తారు, వేలికి తగిలించుకుని నడవొచ్చు. మీరు చెప్పిన కౌంటర్లలో మామూలుగా మూత ఉన్న కప్పే. తెర మీద నొక్కి ఆర్డర్ ఇచ్చే మెషీన్ ఉంటే ఈ భాషతో పనే లేదు గానీ, సరదా సగం పోతుంది.

ఇదంతా ఎక్కడిదంటే, హైనాన్ దీవి నుంచి వచ్చినవాళ్లు మిగతా చైనా వలసదారుల కంటే ఆలస్యంగా సింగపూర్‌లో దిగారు. లాభసాటి వ్యాపారాలు అప్పటికే ఇతరుల చేతుల్లో ఉన్నాయి. దొరల ఇళ్లలో, ఓడల్లో వంటవాళ్లుగా చేరి బ్రెడ్డు, వెన్న, జామ్ పట్టుబడ్డాక సొంతంగా కాఫీ కొట్లు పెట్టుకున్నారు. యా కున్ అనే కాఫీ కొట్టు అలా మొదలైందే. 1926లో హైనాన్ నుంచి వచ్చిన లోయ్ ఆ కూన్ పేరు మీద, 1944 నాటి కొట్టుగా చెప్పుకుంటారు. కిల్లినీ రోడ్డులోని కొట్టు 1919 నాటిది. ఇప్పుడు రెండూ గొలుసు దుకాణాలే. మాల్‌లో సెట్ ధర ఆరేడు సింగపూర్ డాలర్ల దాకా పోతుంది, చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో అంతకంటే తక్కువకు, నా నాలుకకైతే ఇంకా మంచి కోపి దొరుకుతుంది.

కప్పు పట్టుకుని స్టేషన్ గేటు దాటాక మాత్రం తాగకండి. ఎమ్మార్టీలో తిన్నా తాగినా 500 డాలర్ల దాకా జరిమానా, మంచినీళ్లకూ మినహాయింపు లేదు. విమానాశ్రయంలోనూ అంతే జాగ్రత్త కావాలి: చాంగీ 1, 2, 3 టెర్మినళ్లలో స్క్రీనింగ్ బోర్డింగ్ గేటు దగ్గరే కాబట్టి కప్పు అక్కడ పారేయాల్సిందే, ముందే తాగేయండి. ఇంటికి కాయా సీసా కొంటే చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, 100 మిల్లీలీటర్లు దాటితే చేతిసంచిలో రానివ్వరు.