పదకొండో రోజు తర్వాత

అమ్మాయీ,

నీ మెసేజ్ చదివాను. గుర్రంగూడలో పది రోజుల విపశ్యన శిబిరం చేసొచ్చిన కొత్తలో పొద్దునొక గంట, సాయంత్రమొక గంట తప్పకుండా ధ్యానానికి కూర్చున్నావు. ఇప్పుడు పొద్దుటిది అరగంటకు దిగింది, సాయంత్రానిది పూర్తిగా పోయింది. "నిద్ర బాగానే పడుతోంది పెదనాన్నా, ఎందుకో కూర్చోబుద్ధి కావట్లేదు" అని రాశావు. జవాబు నీ మాటలోనే ఉంది. నిద్ర పట్టక వెళ్లావు, ఇప్పుడు నిద్ర పడుతోంది. వెళ్లిన పని అయిపోయిందని మనసు అనుకుంటోంది.

నిద్ర కోసం వెళ్లడంలో తప్పేమీ లేదు. ఈ విపశ్యన మనకు నేర్పిన గురువు సత్యనారాయణ గోయెంకా గారు దీని దగ్గరికి వచ్చింది తలనొప్పితోనే. బర్మాలోని మాండలేలో 1924లో పుట్టిన వ్యాపారి ఆయన, డబ్బుకూ పేరుకూ కొదవ లేదు. పార్శ్వపు నొప్పి వస్తే మాత్రం మార్ఫిన్ ఇంజెక్షన్ దాకా పోవాల్సి వచ్చేది. విదేశాల్లో డాక్టర్లకు చూపించుకున్నా తగ్గలేదు. చివరికి రంగూన్‌లో విపశ్యన నేర్పే సయాజీ ఊ బా ఖిన్ దగ్గరికి వెళితే, తలనొప్పి తగ్గించుకోవడానికైతే రావద్దని ఆయన మొహం మీదే చెప్పేశారు. మనసు శుభ్రపడాలని వస్తే రమ్మన్నారు, నొప్పి పోతే దానంతటదే పోతుందన్నారు. చెప్పిన మనిషి సన్యాసి అనుకునేవు. ఆయన సంసారి, ఆఫీసు ఉద్యోగి. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చిన 1948లో ఆ దేశపు అకౌంటెంట్ జనరల్ అయ్యారు. అంత ఉద్యోగం చేస్తూనే సాధన నేర్పారు. తీరిక లేదని నాకు రాసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకో.

గోయెంకా గారు 1955లో మొదటి శిబిరం చేశారు. నొప్పి పోయింది. పోయాక కూడా పద్నాలుగేళ్లు గురువును విడవలేదు. 1969లో ఇండియాకు వచ్చింది, ఇక్కడ జబ్బుపడ్డ తల్లికి నేర్పుదామని. మొదట తన తల, తర్వాత తన మనసు, ఆ తర్వాత అమ్మ. నన్నడిగితే సాధన లోతెక్కడమంటే ఇదే. గడప దాటించిన కారణం ఎన్నాళ్లో మోయలేదు. ఇంకో కారణం పుట్టాలి, అది నీ ఇంట్లోనే పుట్టాలి.

నీ విషయమే చూడు. మీ నాన్న వేసుకున్న మాత్ర వేసుకున్నానా లేదా అని మూడోసారి అడుగుతాడు. నువ్వు లాప్‌టాప్ ముందు మీటింగులో ఉంటావు. చెవులు వేడెక్కుతాయి, గొంతు కింద బిగుసుకుంటుంది, ఊపిరి పొట్టిగా పైపైనే ఆడుతుంది. విసురు మాట నోట్లోంచి ఊడిపడేది ఆ తర్వాతే. శిబిరంలో నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి తల మొదలు పాదాల దాకా ఒక్కొక్క భాగమే చూడమని కూర్చోబెట్టింది ఈ వేడినీ ఈ బిగువునూ పట్టుకోవడానికే. గొంతు బిగుస్తున్నప్పుడే తెలిసిందంటే, మాట అనాలా వద్దా అన్నది నీ చేతిలోకి వస్తుంది. రెండు క్షణాలు చాలు. ఆ రెండు క్షణాలు మీ నాన్నకు దక్కాలి. అందుకు కూర్చో.

ఎదుగుదల కూడా అక్కడే చూసుకో, ఆసనం మీద వెతక్కు. శిబిరంలో ఏడో రోజో ఎనిమిదో రోజో ఒళ్లంతా సన్నగా జలజలా పారినట్టు అనిపించిందన్నావు. ఇప్పుడది రావడం లేదని దిగులు. అమ్మాయీ, కూర్చోబుద్ధి కాకపోవడానికి అసలు కారణం ఇదేనని నాకు గట్టి అనుమానం. రోజూ దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటున్నావు, అది రాదు, లేచిపోతున్నావు. పాలు తోడుపెట్టి గంటకోసారి వేలు ముంచి చూస్తే పెరుగు ఎలా తోడుకుంటుంది? హాయిగా ఉన్నదీ పోయేదే, మొద్దుగా ఉన్నదీ పోయేదే. ఏది వచ్చినా సమతతో చూడడమే మనకు నేర్పిన పని. మొద్దుబారిన గంట కూడా పూర్తి గంటే.

మోకాలి నొప్పి గురించి అడిగావు. అధిష్ఠానంలో, అంటే గంటసేపు కదలకుండా కూర్చునేటప్పుడు, నలభై నిమిషాలు దాటాక అందరికీ వచ్చేదే. దాన్ని "నొప్పి" అని ఒక్క ముద్దగా చూడకు. ఎక్కడ మంట, ఎక్కడ లాగుడు, ఎక్కడ టక్కుటక్కున కొట్టుకుంటోంది, అంచులు ఎక్కడున్నాయి అని విడదీసి చూడు. ఒకే చోట గడ్డకట్టినట్టున్నది కాసేపటికి కదలడం, చెదరడం తెలుస్తుంది. అనిత్యమన్న మాట ప్రవచనంలో ఎన్నిసార్లు విన్నా రాని నమ్మకం, ఆ మోకాలు ఒక్కసారి చూపిస్తే వస్తుంది. నిజంగానే కీలు అరిగిన నొప్పయితే కుర్చీ వేసుకో, అందులో పంతం పనికిరాదు. అలాగే డాక్టరు రాసిన మందులేవీ సాధన పేరు చెప్పి ఆపకు. శిబిరం దరఖాస్తులోనే ఆరోగ్యం సంగతులన్నీ అడిగేది ఊరికే కాదు.

ఇక రోజువారీ సంగతి. పొద్దున ఫోన్ ముట్టుకోకముందే కూర్చో. ముట్టుకున్నాక ఆ గంట నీది కాదు. మనసు మరీ గందరగోళంగా ఉంటే ఒళ్లంతా గమనిస్తూ తిరగాలని పట్టుబట్టకు, ముక్కు కింద ఊపిరి దగ్గరే ఉండు, గంటంతా ఊపిరిని చూసే ఆనాపానే అయినా ఫర్వాలేదు. సాయంత్రం గంట కుదరని రోజు ఇరవై నిమిషాలైనా కూర్చో, పూర్తిగా ఎగ్గొట్టకు. రాత్రి పడుకున్నాక, పొద్దున లేచేముందు మంచం మీదే ఐదేసి నిమిషాలు. చివర్లో అందరి మేలూ కోరుకునే మైత్రి వదిలేస్తున్నావని తెలుసు, గంట కొట్టగానే లేచే అలవాటు నీది. రెండు మూడు నిమిషాలే కదా. ఆఫీసులో నీకు గిట్టని ఆ మనిషిని కూడా అందులో కలుపుకో.

శీలం, అంటే రోజువారీ నడవడి, దాని గురించి ఎక్కువ చెప్పను. పగలంతా అబద్ధాలాడి సాయంత్రం కళ్లు మూసుకుంటే ఏం కనిపిస్తుందో నీకే తెలుస్తుంది.

ఒక్కదానివే ఎక్కువ రోజులు లాగలేవు. వారానికోసారి పాత సాధకులతో కలిసి కూర్చో. ఏడాదికోసారి పది రోజులు వెళ్లు. వీలైతే మధ్యలో ఒక శిబిరానికి ధమ్మసేవకు, అంటే అక్కడ పనుల్లో సాయం చేయడానికి, పో. తెల్లవారుజామున నాలుగింటి గంటకు ముందే లేచి వంటింట్లో ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతుంటే, పక్కనున్న సేవకురాలు ముక్కలు పెద్దవయ్యాయని అంటుంది. చెవులు వేడెక్కుతాయి. కళ్లు తెరిచి చేసే సాధన అక్కడ వస్తుంది. పైగా ఆ భోజనం ఎవరూ డబ్బు కట్టి తినేది కాదు. నువ్వు తిన్న పది రోజులూ వెనకటి సాధకుల దానంతోనే గడిచాయి.

ఈ ఆదివారం మా ఇంటి దగ్గర సామూహిక సాధన ఉంది, ఎనిమిదింటికి మొదలు. ఏడున్నరకల్లా వచ్చెయ్. మీ నాన్నను కూడా తీసుకురా, ఆయన మీ పెద్దమ్మతో కూర్చుని కాఫీ తాగుతాడు.

ఆశీస్సులతో
పెదనాన్న