ఆన్‌కాల్ టెన్షన్: సర్వర్ పడిపోయాక దాన్ని లేపేది ఎలా?

విశాఖలో చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకుంటున్నానని, ఈ మధ్యే ఆన్‌కాల్ డ్యూటీ (సిస్టం ఎప్పుడు పడినా ఫోన్ ఎత్తి చూసుకోవాల్సిన వంతు) వేశారని, పెద్ద ఫెయిల్యూర్ వస్తే ఎలా తట్టుకోవాలని అడిగారు.

మానిటరింగ్ టూల్స్ గురించి ఎవరైనా చెబుతారు. మీరు ముందు చూసుకోవాల్సింది ఇది: సిస్టం పడిపోతే దాన్ని లేపడానికి కావలసినవి కూడా దాంతోపాటే పోతాయా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను రుషికొండ దగ్గర ఒక ఆఫీసులో ఇన్‌ఫ్రా టీంలో (సర్వర్లు, నెట్‌వర్క్ చూసుకునే టీం) ఉండేవాణ్ణి. కాగితం మీద మాకు అన్నీ ఉన్నాయి: జనరేటర్, రెండు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు, హైదరాబాద్‌లో స్టాండ్‌బై, అంటే ఇక్కడివి పడితే పని అందుకోవడానికి సిద్ధంగా ఉంచిన సర్వర్లు. తీరా చూస్తే రెండు లైన్లూ వచ్చేది ఒకే స్తంభాల మీద నుంచి. రెండూ ఒకేసారి తెగాయి. జనరేటర్ నడిచింది గానీ, డీజిల్ తేవాలంటే దారి పొడవునా చెట్లు, బంకులో కరెంటు లేదు.

ఇవన్నీ ఒకెత్తు. ట్రాఫిక్‌ను స్టాండ్‌బైకి మళ్లించడానికి హైదరాబాద్ టీం డొమైన్ అకౌంట్‌లో (సైటు పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో మార్చేది అక్కడే) లాగిన్ అవ్వబోతే ఓటీపీ మా మేనేజర్ గారి ఫోన్‌కి వెళ్తుంది. ఆయనేమో ఎంవీపీ కాలనీలో, సిగ్నల్ లేకుండా ఉన్నారు. చివరికి బండేసుకుని సిగ్నల్ దొరికేదాకా హైవే మీద పోయి, "ఇప్పుడు పంపించండ్రా, రెండు గీతలు కనిపిస్తున్నాయి" అని ఫోన్ చేశారు. హైదరాబాద్‌లో సర్వర్లు అప్పటిదాకా ఖాళీగానే తిరుగుతున్నాయి!

పెద్దవాళ్లకూ ఇదే తంటా. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి కదా. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల డేటాసెంటర్లను కలిపే నెట్‌వర్క్‌ను దించేసింది. అలాంటి కమాండ్లను ఆపాల్సిన ఆడిట్ టూల్‌లోనే బగ్ ఉంది. బాగుచేసే టూల్స్ కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఉండటంతో ఇంజనీర్లు నేరుగా డేటాసెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. 2017 ఫిబ్రవరిలో అమెజాన్ ఎస్3 (ఫైళ్లు దాచే క్లౌడ్ సర్వీసు) పడినప్పుడు, ఏది పనిచేస్తోందో ఏది లేదో చూపించే స్టేటస్ పేజీని కూడా కాసేపు మార్చలేకపోయారు, అది నడిచేదీ ఎస్3 మీదే కాబట్టి.

అందుకని ఓటీపీ రాకపోయినా లాగిన్ అవ్వడానికి పనికొచ్చే బ్యాకప్ కోడ్లు ఇద్దరి దగ్గర ఉంచండి, ఆ ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండకూడదు. ఏం చేయాలో రాసిన డాక్యుమెంట్‌ను ప్రింట్ తీసి పెట్టుకోండి. నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇంకొకటి, సిస్టం లేచాక వచ్చే దెబ్బ. సంక్రాంతి ముందు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు రాగానే అందరూ తలుపు దగ్గరే తోసుకున్నట్టు, అప్పటిదాకా ఆగిన రిక్వెస్టులన్నీ ఒకేసారి డేటాబేస్ మీద పడతాయి, అది మళ్లీ కూలుతుంది. రీట్రైల (ఫెయిలైన రిక్వెస్టును మళ్లీ పంపడం) మధ్య వ్యవధిని పెంచుకుంటూ పోవాలి, అందరికీ ఒకే వ్యవధి కాకుండా కొంచెం అటూ ఇటూగా ఇవ్వాలి. మొదట కొద్దిమంది యూజర్లనే లోపలికి వదలండి.

మీ దగ్గర ఉన్నవి రెండు మూడు సర్వర్లే అయితే స్టాండ్‌బై సైటు కోసం ఇప్పుడే డబ్బు పోయకండి. బ్యాకప్ వేరే ఊళ్లో ఉండాలి, అప్పుడప్పుడు దాన్ని ఖాళీ సర్వర్‌లోకి రీస్టోర్ చేసి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. మీ బాస్ "ఎప్పటికి వస్తుంది?" అని అడిగినప్పుడు చెప్పాల్సింది ఆ నంబరే.